షాండ్లియర్ కింద లేచిన టెంకాయ

పుట్టపర్తికి పోయివచ్చినవాళ్ళు మనలో చాలామందే ఉంటారు. భక్తితో పోయినవాళ్ళుంటారు, వైద్యం కోసం పోయినవాళ్ళుంటారు, పనికోసం పోయి అక్కడే ఉండిపోయినవాళ్ళూ ఉంటారు. ఇంట్లో వేలాడదీసే షాండ్లియర్ కోసం, అదీ బోరు పాయింటు చూసే మనిషిని వెంటబెట్టుకుని పోయినవాళ్ళు మాత్రం నాకు తెలిసి మేమే. మళ్ళీ ఎవరూ పోరు కాబట్టి, పోయిన మేమైనా రాసిపెట్టాలని ఈ ప్రయత్నం.

యాడికి: ముందు కొక్కీ

మా అక్క లచ్చుమక్క భర్త ఓబుళరెడ్డి బావ యాడికి అనే ఊరి దగ్గర కొత్త ఇల్లు కట్టాడు. ఆయనకు మెట్ట సేద్యం ఉంది, దాని పక్కన కొంచెం రాజకీయం ఉంది. సేద్యానికి వాన కావాలి. రాజకీయానికి అక్కర్లేదు కాబట్టి అది ఏడాది పొడుగునా సాగుతుంది. పక్క ఊళ్ళో ఆయనకు ఎదురుపక్షం పెద్దన్న ఉన్నాడు. ఆ పెద్దన్న తన హాల్లో గాజుపూసల దీపాల గుత్తి ఒకటి తగిలించాడు. దాన్ని చూసొచ్చిన రోజునుంచి బావకు అన్నం సయించలేదు. ఫోనులో బొమ్మలు తిరగేసి తిరగేసి చివరికి 'జార్జియన్ స్టైల్' అన్న మాట పట్టుకున్నాడు. పెద్దన్నది అంగట్లో కొన్న కొత్త సరుకు, మనది రాజుల కాలం నాటిది కావాలి అని తీర్మానించాడు.

స్లాబు వేసేటప్పుడే మేస్త్రీ చేత హాలు నడిమధ్యన కొక్కీ వేయించాడు. అంతటి దీపానికి అంతటి హాలు కావాలి కదా, అందుకని ఈశాన్యం మూలలో నీళ్ళ సంపుకని వదిలిన జాగాను కూడా హాల్లో కలిపేశాడు. మా అక్కకు అక్కడే మండింది.

సంపు అంటే మాకు చిన్న విషయం కాదు. మా వైపు కొళాయి తనకు బుద్ధి పుట్టినప్పుడు వస్తుంది. వచ్చినప్పుడు పట్టి దాచుకోవడానికి నేలలో తొట్టి లేకపోతే బిందెలూ డ్రమ్ములూ గుండిగలూ ఇల్లంతా పరుచుకుని కూర్చోవాలి. అక్క పెళ్ళయిన నాటినుంచి అదే చేస్తోంది. కొత్త ఇంట్లో ఆమె అడిగింది ఆ ఒక్క తొట్టే.

"వచ్చినోళ్ళు తల పైకెత్తి చూస్తారా, నేల కింద తొంగి చూస్తారా?" అని బావ వాదన. "సంపు తర్వాత చూస్తాం లే."

"తర్వాతే చూసుకో. సంపు లేకుంటే ఆ ఇంట్లో నేను పాలు పొంగిచ్చను. యావరితో పొంగిచ్చుకుంటావో పొంగిచ్చుకో" అంది అక్క.

ఇల్లాలు పాలు పొంగించకపోతే గృహప్రవేశం ఏమిటి? పత్రికలు అప్పటికే పంచేశారు. బావ పార్టీ పెద్దాయన వస్తానని మాట కూడా ఇచ్చాడు. అక్క సంగతి బావకు తెలుసు, అయినా చివర్లో మెత్తబడుతుందని ధీమా. అక్క మెత్తబడడం నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

తాడిపత్రి: నలుగురు జార్జిలు

నేను తాడిపత్రిలో ఇంగ్లీషు చెప్పే అయ్యవారిని. జార్జి ఇంగ్లీషు రాజు, కాబట్టి ఆయన దీపం గురించి నాకు తెలిసే ఉంటుందని బావ నన్ను జీపు ఎక్కించాడు. బయలుదేరేముందు అక్క నన్ను పక్కకు పిలిచి ఒకే ఒక్క పని అప్పజెప్పింది. "దాన్ని కడిగేదెట్లనో కనుక్కోని రా తమ్ముడా. ఆయప్ప అడగడు."

వెనక సీట్లో సంచి ఒళ్ళో పెట్టుకుని సిద్ధప్ప కూర్చున్నాడు. బోర్లకు పాయింటు చూడడం ఆయన పని. అరచేతిలో టెంకాయ పడుకోబెట్టుకుని చేనంతా నడుస్తాడు. నీళ్ళున్న చోట టెంకాయ దానంతట అదే లేచి నిలబడుతుంది. బావ పొలంలో బోర్లన్నీ ఆయన చూపిన చోటే వేశారు. అన్నింటిలోనూ దుమ్మే లేచింది. అయినా బావకు ఆయన మీద నమ్మకం చెక్కు చెదరలేదు.

"పాయింటు కరెక్టే ఉండె. నీళ్ళే ఇంగా కిందికి దిగిపోయినాయి" అంటాడు.

ఈయన్ను ఎందుకు తెస్తున్నామని అడిగాను.

"అంగడోళ్ళు పాతదని కొత్తది అంటగడతారప్పా. భూమి లోపలుండేది చూసేటోనికి గాజు లోపలుండేది తెలీదా? నిజమైందైతే టెంకాయ లేస్తాది" అన్నాడు బావ. సిద్ధప్ప తలూపాడు. పూటకు కూలీ, దారి ఖర్చులూ ఒప్పుకున్నాక అనడానికి ఏముంటుంది.

నాపరాళ్ళు కోసే మిషన్ల రొద మధ్య ఒక బండి దగ్గర ఉగ్గాని తిన్నాం. బొరుగుల్ని నానబెట్టి తాలింపు వేసిన ఉగ్గాని, పక్కన మిరపకాయ బజ్జీ. ఇది తెలియని జిల్లాల వాళ్ళు పొద్దున్నే ఇడ్లీ తిని ఎలా బతుకుతున్నారో నాకిప్పటికీ అర్థం కాదు. తింటూ బావ జార్జి ఎవరని అడిగాడు. ఒకరు కాదు, ఒకరి తర్వాత ఒకరు నలుగురు జార్జిలు ఏలారని, ఆ కాలం ఇళ్ళనూ దీపాలనూ జార్జియన్ అంటారని చెప్పాను.

"నలుగురూ ఒకే ఇంటోళ్ళా?"

"ఒకే ఇంటివాళ్ళే."

"మరి ఎలక్షన్లు?"

"అప్పట్లో రాజుకు ఎలక్షన్లు లేవు బావా."

బావ బజ్జీ నమలడం ఆపి చాలాసేపు దూరంగా చూశాడు. అంత ఈర్ష్య నేను పెద్దన్న విషయంలో కూడా ఆయన మొహంలో చూడలేదు.

అనంతపురం: కొత్త యాంటిక్

అనంతపురంలో ఒక పెద్ద లైట్ల దుకాణానికి పోయాం. లోపల పైకప్పు కనపడలేదు, అన్నీ వేలాడుతున్న దీపాలే. మేం బయట ఎండలో మాడి వచ్చామని కాబోలు, అమ్మే కుర్రాడు అన్నింటినీ ఒక్కసారి వెలిగించాడు. ఇంకొంచెం మాడాం.

జార్జియన్ ఉందా అంటే ఉందన్నాడు. రిమోటు నొక్కితే మూడు రంగులు మారే జార్జియన్. బ్లూటూత్‌లో పాటలు పాడే జార్జియన్ ఇంకొకటి.

"పాతది కావల్ల నాయనా" అన్నాడు బావ.

"ఇది యాంటికే అన్నా. పోయిన నెలే వచ్చింది."

"పోయిన నెల వచ్చింది పాతదెట్లయితాది?"

"కొత్త యాంటిక్ అన్నా. గ్యారంటీ ఉండాది. పాత యాంటిక్‌కు గ్యారంటీ యావరిస్తారు?"

నేను ఆ పాటలు పాడే జార్జియన్ దగ్గరికి పోయాను. ఒక పూసను గోటితో తట్టి చూస్తే ప్లాస్టిక్ గ్లాసు చప్పుడు వచ్చింది. బావ సిద్ధప్ప వైపు సైగ చేశాడు. సిద్ధప్ప సంచిలోంచి టెంకాయ తీసి, అరచేతిలో పడుకోబెట్టుకుని, ఆ వెలుగుల కింద చెప్పుల్లేకుండా అటూ ఇటూ నడిచాడు. కొనడానికి వచ్చిన ఒక కుటుంబం దేవుడి కార్యమేదో జరుగుతోందనుకుని పక్కకు తప్పుకుని దండం పెట్టుకుంది. టెంకాయ కదల్లేదు.

"అంతా డూప్లికేటే" అని బావ తీర్పు చెప్పాడు. ఆ కుర్రాడు నొచ్చుకోకుండా, పాత సామాన్లు కావాలంటే పుట్టపర్తిలో దావీదు అంగడికి పొమ్మన్నాడు. ఏళ్ళ తరబడి కాపురముండి తిరిగి తమ దేశాలకు పోయే విదేశీయులు వదిలేసిన సరుకంతా అక్కడే చేరుతుందట.

కొత్తచెరువు: తాడు పోయింది

మర్నాడు ధర్మవరం మీదుగా దిగాం. కొత్తచెరువు దగ్గర పట్టుగూళ్ళ ఆటో ఒకటి రోడ్డు పక్కన ఆగిపోయి ఉంది, దాని ముందు ఒక ట్రాక్టరు నిలబడి ఉంది. దాని యజమాని, ఒక నడివయసు రైతు, నెత్తి పట్టుకుని కూర్చున్నాడు. పట్టుగూళ్ళు వేళకు మార్కెట్టుకు చేరకపోతే లోపలి పురుగు గూడు తొలిచి బయటికొస్తుంది. ఇక ఆ గూటికి ధర ఉండదు.

"తాడుంటే ఎనకాల కట్టుకుంటా అన్నాడు ట్రాక్టరాయప్ప. తాడే లేదన్నా" అన్నాడు.

బావలోని ప్రజాసేవకుడు మేలుకున్నాడు. జీపులో ఉన్న తాడు తీసి ఇచ్చి, ఇస్తుండగా నా చేత ఫోటో కూడా తీయించుకున్నాడు. రైతు రెండు చేతులూ ఎత్తి మొక్కాడు. ఆటో ట్రాక్టరు వెనక ఊగుతూ పోయింది. అది కనుమరుగయ్యాక సిద్ధప్ప మెల్లగా అడిగాడు.

"అన్నా, మన ఇంటి ఎత్తు ముడేసుకున్న తాడు అదే గదా?"

అదే. టేపుల మీద నమ్మకం లేక బావ బావితాడుతో హాలు ఎత్తు కొలిచి ముడి వేశాడు. దీపం పొడవు ముడిదాకా ఉన్న తాడులో సగానికి మించకూడదని మేస్త్రీ ముందే చెప్పాడు. మా హాలు ఎత్తు ఇప్పుడు పట్టుగూళ్ళతో కలిసి మార్కెట్టుకు పోతోంది.

"కంటితో చూస్తే తెలీదా ఏమి" అని బావ జీపు ఎక్కాడు.

పుట్టపర్తి: దావీదు అంగడి

పుట్టపర్తిలో వీధి బోర్డులు మాకు రాని భాషల్లో కూడా ఉన్నాయి. తెల్లబట్టలు కట్టుకున్న విదేశీయులు వరసగా కూర్చుని, పక్కపక్కనే ఉండి కూడా మాట్లాడుకోవడం లేదు. మా ఊళ్ళో ఇద్దరు అలా కూర్చున్నారంటే గట్టు తగాదా అని అర్థం, ఎవరో ఒకరు పోయి రాజీ చేస్తారు. సిద్ధప్పకు వాళ్ళ ఉత్త కాళ్ళు చూసి జాలేసింది.

"ఇంత దూరం వచ్చినారు, చెప్పులకు దుడ్లు లేకపాయనే పాపం" అన్నాడు.

మధ్యాహ్నం పిజ్జా తిన్నాం. దాని ధరకు మా ఊళ్ళో ముగ్గురం సంగటి తిని, మిగిలినదాంతో సాయంత్రం బజ్జీలు కూడా తినొచ్చు. బావ జేబులోంచి చెనిక్కాయ పొడి పొట్లం తీసి పిజ్జా మీద ధారాళంగా చల్లాడు. పక్క బల్ల దగ్గర ఒక ముసలి దొరసాని ఆసక్తిగా చూస్తే ఆమెకూ చల్లాడు. ఆమె రెండోసారి కూడా అడిగి వేయించుకుంది. ఈ యాత్ర మొత్తంలో మా జిల్లా గౌరవం పెరిగిన సందర్భం అదొక్కటే.

దావీదు అంగడి ఒక సందు చివర ఉంది. ఊగుడు కుర్చీలు, తీగలు తెగిన వయొలిన్, మడత మంచాలు, ఏ దేశం ప్లగ్గుకూ సరిపోని ఇస్త్రీపెట్టెలు. దావీదు యాభై దాటిన మనిషి, మెళ్ళో చిన్న సిలువ, నోట్లో నాలుగైదు భాషల బేరం. వెనక గదిలోకి తీసుకెళ్ళి దీపం చూపించాడు.

నిజం చెప్పాలి, బాగుంది. నడుమ గాజుకాడ, దాన్నుంచి వంపు తిరిగిన గాజుకొమ్మలు, కొమ్మకొమ్మకూ కొవ్వొత్తి నిలబెట్టే చిన్న గిన్నె, వాటి మధ్య తోరణాల్లా వేలాడే చెక్కుడు గాజుచుక్కలు. ఎప్పుడో కొవ్వొత్తులు తీసి బల్బులు పెట్టారు. తడితే సన్నగా గంట మోగినట్టు మోగింది. అంతసేపూ నవ్వు ఆపుకుంటూ వచ్చిన నాకే ఆశ పుట్టింది.

"నిజంగా జార్జి కాలందేనా?" అని అడిగాను.

"జార్జి కాలందో, జార్జి కాలందాన్ని చూసి చేసిందో నాకు తెల్దు సార్. నాకమ్మినామె నిజమే అని చెప్పింది. నేనూ మీకు అదే చెప్తాండా."

బావ సైగ చేశాడు. సిద్ధప్ప చెప్పులు విడిచి, టెంకాయ అరచేతిలో పెట్టుకుని, ఊగుడు కుర్చీల దగ్గర మొదలుపెట్టి నడిచాడు. ఏమీ లేదు. మంచాలు దాటాడు, ఏమీ లేదు. షాండ్లియర్ కిందికి వచ్చాడు. టెంకాయ ఒక్క కుదుపుతో లేచి నిలబడింది.

బావ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దావీదు గబుక్కున సిలువ గుర్తు వేసుకున్నాడు. అందరికంటే ఎక్కువ ఆశ్చర్యపోయింది సిద్ధప్ప.

"అన్నా," అన్నాడు గొంతు తగ్గించి, "నా టెంకాయకు రాజులూ గీజులూ తెలీదు. దానికి తెలిసింది నీళ్ళే. ఈడ నీళ్ళుండాయి."

దావీదు నవ్వాడు. "ఉండాయి. నా సంపు ఆడే ఉండాది" అంటూ కాళ్ళ దగ్గర రాతిపలకను కొంచెం జరిపాడు. చల్లటి గాలి మొహానికి తగిలింది. లోపల అంచుదాకా నీళ్ళు.

నేను బావ వైపు తిరిగాను. "బావా, టెంకాయ లేచింది సంపుకు."

"నీళ్ళు కిందుండాయి, దీపం పైనుండాది. టెంకాయ పైకి లేచిందా, కిందికి పోయిందా? నువ్వే చెప్పు అయ్యవారూ" అన్నాడు బావ.

బేరం ధర ఇక్కడ రాయడం లేదు. ఇది అక్క కూడా చదువుతుంది. దావీదు దీపాన్ని విప్పుతుంటే అక్క అప్పజెప్పిన పని గుర్తొచ్చి, కడగడం ఎలాగని అడిగాను.

"ప్రతి చుక్కా ఇప్పల్ల సార్. ఒక నీళ్ళల్లో నానేసి, ఇంగో నీళ్ళల్లో జాడిచ్చి, మెత్తటి బట్టతో తుడ్సి, మళ్ళా తగిలిచ్చల్ల. నాకు సంపుండాది కాబట్టి సరిపాయ. మీ పక్క దుమ్మెక్కువ కదా, శానా మాట్లు కడగల్ల."

బావ ఆ మాట వినకుండా ఫోను చూసుకున్నాడు. అక్క ఎందుకు నాకు చెప్పిందో అప్పుడు తెలిసింది.

తిరుగు దారి: పెరిగిన టెంకాయ

చుక్కలన్నీ గోనెసంచుల్లో చెనిక్కాయ పొట్టు మధ్య సర్ది, గాజుకొమ్మలు దుప్పట్లలో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాం. టీ తాగడానికి ఆగిన ప్రతి చోటా బావ టెంకాయ కథ చెప్పాడు. ధర్మవరం చేరేసరికి కథలోంచి సంపు మాయమైంది. అనంతపురంలో టెంకాయ అరచేతిలోంచి జానెడు ఎగిరింది. తాడిపత్రికి వచ్చేసరికి అది దీపాన్ని తాకబోతుంటే సిద్ధప్ప పట్టుకుని ఆపాడు. సిద్ధప్ప కూడా టీ చల్లారబెట్టుకుని నోరు తెరుచుకుని విన్నాడు.

అక్కడ పెద్దన్న మనిషి ఒకడు కూర్చుని ఉన్నాడు.

"ఊరికే చెప్తే ఎట్లన్నా? గృహప్రవేశం రోజు మా ముందర లేపి చూపీ. మా పెద్దన్నను గూడ తోడుకోనొస్తాం. లేచిందంటే నీది నిజమైందే, లేకుంటే నీదీ మాదీ ఒకటే."

"రాండప్పా! అందురూ రాండి!" అన్నాడు బావ.

సిద్ధప్ప చేతిలోని గ్లాసు జారి కింద పడింది.

మళ్ళీ యాడికి

అక్క దీపం వైపు చూడను కూడా లేదు. నన్ను వంటింట్లో కూర్చోబెట్టి సంగటి పెట్టి, మొదటినుంచి చివరిదాకా అడిగింది. కడగడానికి పట్టే నీళ్ళ సంగతి చెప్పాను. టెంకాయ సంగతి, దావీదు సంపు సంగతి, తాడిపత్రిలో పందెం సంగతి చెప్పాను. ఆమె చెయ్యి కడుక్కుని నేరుగా హాల్లోకి పోయింది. అక్కడ బావ, సిద్ధప్ప, మేస్త్రీ కొక్కీ కింద నిలబడి ఉన్నారు.

"సిద్ధప్పా, ఆ పొద్దు ఈడ టెంకాయ లేస్తాదా?" అని అడిగింది.

సిద్ధప్ప బావ వైపు చూశాడు, నేల వైపు చూశాడు. "కింద నీళ్ళు లేకుండా ఎట్ల లేస్తాదక్కా."

పెద్దన్న నవ్వు మొహం బావ కళ్ళముందు ఎంత స్పష్టంగా కనపడిందో నాకూ అంతే స్పష్టంగా కనపడింది.

"అయితే ఈడే తవ్వు మేస్త్రీ" అన్నాడు బావ చివరికి, కొక్కీ కిందికి చెయ్యి చూపిస్తూ.

"నడిమింట్లో గుంత తవ్వితే ఇల్లు నిలుస్తాదా?" అంది అక్క. "నీళ్ళుండల్సింది ఈశాన్యంలో. దీపాన్నే ఆడికి జరుపుకో."

ఈశాన్యాన్ని కాదనే ధైర్యం మా జిల్లాలో ఏ రాజకీయ నాయకుడికీ లేదు. మేస్త్రీ ముసిముసిగా నవ్వుకుంటూ, మొట్టమొదట సంపుకని తాను ముగ్గు పోసిన చోటే గడ్డపార దించాడు. అక్క అది తవ్వుతున్నన్నాళ్ళూ గుమ్మంలోంచి కదల్లేదు. నాకు పట్టలేనంత సంతోషమేసింది, దాచుకోలేదు కూడా.

గృహప్రవేశం నాటికి తొట్టి ఆరింది, ట్యాంకరు నీళ్ళతో నిండింది, దీపం మూలలో వేసిన కొత్త కొక్కీకి ఎక్కింది. అయితే తాడు లేని కొలత కదా, గొలుసు మొత్తం తీసేసినా చివరి చుక్కలు మనిషి నుదుటి దగ్గర వేలాడాయి. అక్క పాలు పొంగించింది. పార్టీ పెద్దాయన వచ్చాడు, పెద్దన్న పరివారంతో వచ్చాడు. సిద్ధప్ప టెంకాయతో మూలకు నడిచాడు. టెంకాయ లేచింది. జనం చప్పట్లు కొట్టారు. బావ మీసం తడుముకుంటూ పెద్దన్నను చూశాడు.

అంతలో ఎండన పడి వచ్చిన పెద్దాయన మంచినీళ్ళు అడిగాడు. అక్క బిందె పట్టుకుని వచ్చి, "రవంత జరగండన్నా" అని, దీపం కిందే ఉన్న ఇనుపమూత ఎత్తింది. నుదురు తగులుతుందని అందరూ తలలు వంచే ఉన్నారు. వంచినవాళ్ళు వంచినట్టే లోపలికి చూశారు.

"ఎంత లోతుందమ్మా?" అన్నాడు పెద్దాయన.

"కొళాయి రాకున్నా వారం ఎల్తాదా?" అని ఎవరో అడిగారు. ఆడవాళ్ళు ఒకరి భుజం మీదినుంచి ఒకరు తొంగి చూశారు. పెద్దన్న మేస్త్రీ ఎవరని వాకబు చేసి అతని ఫోను నంబరు రాయించుకున్నాడు. పైన అన్ని దీపాలూ వెలుగుతున్నాయి. తలెత్తినవాళ్ళు లేరు.

జనం భోజనాలకు లేచాక బావ అక్క పక్కకు వచ్చాడు. ఆయన మొహం చూస్తే నాకే జాలేసింది.

"అందురూ కిందికే చూసిరి. నువ్వన్నా ఒగసారి చూడరాదా దాన్ని" అన్నాడు.

"చూస్తానే ఉండా" అంది అక్క, సంపు గట్టున వంగి. నీళ్ళలో దీపం కొమ్మలన్నీ విప్పుకుని వెలుగుతోంది. "ఈడ్నుంచి చూస్తే దాని మింద దుమ్మే కనపడలే. కడిగే పని ల్యా."

బావ పంచె సర్దుకుని, ఆమె పక్కన గొంతుక్కూర్చుని నీళ్ళలోకి చూశాడు.